యుగాల లెక్కకు ఆడిట్

సహకార సంఘాల ఆడిట్‌లో కొన్నాళ్లు పనిచేస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏ అంకె కనబడినా ముందు దాని తోక చూస్తాం. ధాన్యం కొనుగోలు రిజిస్టరులో కాటా బరువులు 40.65, 41.10, 40.80 అని ఉంటే పేజీ తిప్పేస్తాం. 41.00, 41.00, 40.50, 41.00 అని వరసగా ఉంటే పెన్ను అక్కడ ఆగుతుంది. బస్తా కాటా ఎక్కితే అంకె అలా రాదు, కుర్చీలో కూర్చుని రాస్తే వస్తుంది. పశ్చిమ గోదావరిలో ఊరూరా తిరుగుతూ నా సర్వీసు సగం పైగా ఈ పనిలోనే అయింది. వెనకాల నన్ను ‘సున్నాల మేడమ్’ అంటారని తెలుసు. అనుకోనీ.

ఈ జబ్బుతోనే యుగాల లెక్క మీద పడ్డాను. మా ఇంట్లో ఏ పూజకైనా సంకల్పం చెప్పేది మా మామగారు, రిటైరైన తెలుగు మాస్టారు. ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే... అందరం విన్న మాటలే. ఆ ఒక్కో మాట వెనకా ఒక అంకె ఉంది. కలియుగం 4,32,000 ఏళ్లు. ద్వాపరం దానికి రెట్టింపు, 8,64,000. త్రేత మూడింతలు, 12,96,000. కృతం నాలుగింతలు, 17,28,000. నాలుగూ కలిపితే మహాయుగం, 43,20,000. అలాంటివి వెయ్యి గడిస్తే కల్పం, అంటే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల ఏళ్లు. ప్రథమ పాదం అంటే కలిలో మొదటి పావు, 1,08,000 ఏళ్లు. మనం ఇంకా ఐదువేల చిల్లర దగ్గరే ఉన్నాం కాబట్టి పురోహితులకు ఆ మాట మార్చే పని ఇప్పట్లో రాదు.

“మామయ్యగారూ, మీ సంకల్పంలో అన్నీ రౌండ్ ఫిగర్లే” అన్నాను.

“అమ్మాయ్, యుగాలక్కూడా ఆబ్జెక్షన్ రాస్తావా ఏమిటి?” అన్నారాయన.

రాయను గానీ, చూడకుండా వదలను. పాత వోచరు వెనక్కి తిప్పి కారణాంకాలు కట్టడం మొదలుపెట్టాను.

4,32,000 = 2⁷ × 3³ × 5³. అంతే. 7 లేదు, 11 లేదు, 13 లేదు. మూడే మూడు ప్రధాన సంఖ్యలు, అవే మళ్లీ మళ్లీ. మామూలు సంఖ్యలు ఇలా ఉండవు. 2026నే తీసుకోండి, 2 × 1013 దగ్గర ఆగిపోతుంది, 1013 ఇక విరగదు. 2, 3, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేని సంఖ్యలు 10 లక్షల లోపు 507 మాత్రమే ఉన్నాయి. కలి, ద్వాపరం రెండూ అందులోవే. త్రేత, కృతం, మహాయుగం, కల్పం 10 లక్షలు దాటిపోయాయి గానీ వాటిదీ అదే రక్తం. వీటిని గణితంలో రెగ్యులర్ నంబర్లు అంటారు. 60 ఆధారంగా లెక్కించిన బాబిలోనియా వాళ్లకు ఇవి ప్రాణం. ఈ సంఖ్యలతో 1ని భాగిస్తే వాళ్ల పద్ధతిలో శేషం మిగలకుండా తెగుతుంది. మట్టి పలకల మీద అలాంటి పట్టికలే రాసిపెట్టుకున్నారు.

60 అన్న మాట రాగానే నాకు అసలు తాళం చెవి దొరికింది. 60 × 60 × 60 అంటే 2,16,000. కలి దానికి సరిగ్గా రెట్టింపు. అంటే కలి 2 × 60³, ద్వాపరం 4 × 60³, త్రేత 6 × 60³, కృతం 8 × 60³. ఇందులో 8 కూడా 2³ కాబట్టి కృతయుగం మొత్తం ఒక పూర్తి ఘనం అయిపోతుంది: 120 × 120 × 120 = 17,28,000. నాలుగు యుగాల్లో అలా కుదిరింది అదొక్కటే. ధర్మం నాలుగు పాదాల మీద నడిచిన యుగం అదేనని మన పురాణాలు చెప్పడం, లెక్కలో కూడా అదొక్కటే ఘనం కావడం చూసి మామగారు కుర్చీలో ముందుకు జరిగారు. 4:3:2:1 నిష్పత్తి పెట్టి 60ల మీద కడితే ఆ 8 రావడం మామూలే, అందులో దేవరహస్యం ఏమీ లేదు. అయినా బాగుంది.

ఆయన దీనికి ఒకటి జోడించారు. ఆర్యభటుడు రోజును 60 నాడికలుగా, నాడికను 60 వినాడికలుగా, వినాడికను 60 గురువులుగా కోశాడు. నాడిక అంటే మన పంచాంగంలో ఘడియ. గురువు అంటే ఛందస్సులో గురువే, ఒక దీర్ఘాక్షరం పలికే సేపు. అంటే ఒక రోజులో 2,16,000 గురువులు. గురువు రెండు మాత్రలు, లఘువు ఒకటి. కాబట్టి ఒక రోజులో లఘువులు 4,32,000. ఒక రోజును లఘువుల్లో కొలిస్తే వచ్చే అంకే కలియుగాన్ని ఏళ్లలో కొలిస్తే వస్తోంది. పద్యాలు చెప్పిన మనిషికి ఇది దొరకడం సహజం. నాకు జన్మలో తట్టేది కాదు.

ఇక త్రేతాయుగం. వృత్తంలో 360 భాగలు (డిగ్రీలు), భాగకు 60 కళలు, కళకు 60 వికలలు. గుణించండి, 12,96,000 వస్తుంది. అదే త్రేత.

ఇలాంటివి చూసే వాట్సాప్ వీరులు రెచ్చిపోతారు. మా కొలీగ్ ఒకావిడ పంపే ఫార్వర్డుల్లో ఇది ఏటా ఉగాదికి వస్తుంది: ‘ఐదు రోజుల్లో సెకన్లు 4,32,000, సూర్యుడి వ్యాసార్ధం 4,32,000 మైళ్లు, మన రుషులకు అన్నీ తెలుసు.’ మొదటిది నిజమే. రోజుకు 24 గంటలు, 60 నిమిషాలు, 60 సెకన్లు అని పెట్టినవాళ్లు కూడా ఈ 2, 3, 5లతోనే కట్టారు కాబట్టి ఎక్కడో అక్కడ కలుస్తాయి. రెండోది వేరు. సూర్యుడి వ్యాసార్ధం 6,95,700 కిలోమీటర్లు అని ఖగోళ శాస్త్రవేత్తలు ప్రామాణికంగా పెట్టుకున్నారు. మైళ్లలోకి మారిస్తే 4,32,288. అది కాటా ఎక్కిన అంకె, తోక చూడండి. పైగా మైలు అనేది ఇంగ్లండు వాళ్ల కొలత. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం రాసినవాళ్లకు దానితో ఏం పని?

ఇప్పుడు అసలు వర్గీకరణకు వస్తాను, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. ఒక సంఖ్యలో ఉన్న ప్రతి ప్రధాన కారణాంకమూ కనీసం రెండుసార్లు ఉంటే దాన్ని పవర్‌ఫుల్ నంబర్ అంటారు. ఒంటరి కారణాంకం ఒక్కటి కూడా ఉండకూడదు. 72 = 2³ × 3² పనికొస్తుంది. 60 = 2² × 3 × 5 పనికిరాదు, 3, 5 ఒంటరివి. ఈ పవర్‌ఫుల్ సంఖ్యల్లో కొన్ని ఏదో ఒక సంఖ్యకు వర్గమో ఘనమో ఇంకా పై ఘాతమో అయి ఉంటాయి. అలా కాకుండా, బలం ఉండి కూడా ఏ ఒక్క సంఖ్యకూ పూర్తి ఘాతం కానివాటిని అకిలీస్ సంఖ్యలు అంటారు. గ్రీకు కథల్లో అకిలీస్ మహాబలుడు, మడమ దగ్గర ఒక్క లోటు. మనకైతే దుర్యోధనుడి తొడ గుర్తొస్తుంది. అన్నిటికంటే చిన్న అకిలీస్ సంఖ్య 72. రెండోది జపమాల పూసల లెక్క, 108. 10 లక్షల లోపు పవర్‌ఫుల్ సంఖ్యలు 2,027 ఉంటే వాటిలో అకిలీస్‌లు 916.

ఎలా తేల్చాలంటే ఘాతాంకాలు చూస్తే చాలు. కలి ఘాతాంకాలు 7, 3, 3. అన్నీ 2కి పైనే ఉన్నాయి, కాబట్టి బలం ఉంది. మూడింటికీ ఉమ్మడిగా 1 తప్ప వేరే భాజకం లేదు, కాబట్టి ఏ ఘాతమూ కాదు. అకిలీస్. ద్వాపరానికి 8, 3, 3. అకిలీస్. త్రేతకు 7, 4, 3. అకిలీస్. కృతానికి 9, 3, 3, ఇక్కడ ఉమ్మడిగా 3 ఉంది, అందుకే ఘనం అయింది, అకిలీస్ కాలేదు. మహాయుగం 2⁸ × 3³ × 5⁴, మళ్లీ అకిలీస్. కల్పం 2¹¹ × 3³ × 5⁷, అదీ అంతే. బ్రహ్మ నూరేళ్ల ఆయుష్షు, 311 లక్షల కోట్ల ఏళ్ల పైచిలుకు, 2¹⁷ × 3⁵ × 5¹⁰. దానికీ ఆ లోటు ఉంది. సంకల్పంలో వినే ప్రథమ పాదం, 1,08,000, ఘాతాంకాలు 5, 3, 3. పట్టిక గీసి ఒక్కోటి టిక్ పెట్టుకుంటూ పోతుంటే పద్దులన్నీ టాలీ అవుతున్న రోజు ఉండే సంతోషం కలిగింది.

ప్రతి పవర్‌ఫుల్ సంఖ్యనూ ఒక వర్గం, ఒక ఘనం గుణించినట్టు రాయొచ్చు. కలి అలా రాస్తే 4² × 30³. నెలకు 30 రోజులు, రోజుకు 30 ముహూర్తాలు పెట్టుకున్న దేశంలో 30 ఘనం కనబడితే ఆశ్చర్యపడాలా?

మిగతా వర్గాలు త్వరగా చెప్పేస్తాను. అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగమయ్యే సంఖ్యకు హర్షద్ సంఖ్య అని పేరు పెట్టింది మహారాష్ట్ర దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్. యుగాలు నాలుగూ హర్షద్‌లే. కలి అంకెల మొత్తం 9, భాగిస్తే 48,000. ద్వాపరం మొత్తం 18, భాగిస్తే అదీ 48,000. చివర సున్నాలుండి, 9తో పోయే సంఖ్యలకు ఇదేమంత గొప్ప కాదు. కలికి 128 కారణాంకాలున్నాయి. తనను తాను వదిలేసి మిగతావన్నీ కూడితే 11,59,200 వస్తుంది, తనకంటే రెండున్నర రెట్లకు పైనే. అంటే అబండెంట్ నంబర్.

కానీ రామానుజన్ ముందు పెడితే యుగం తేలిపోతుంది. తనకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద ఆయన 1915లో పెద్ద వ్యాసం రాశాడు. 43,20,000కు 180 కారణాంకాలు. సరిగ్గా అన్నే కారణాంకాలు 2,77,200కూ ఉన్నాయి, అది దానిలో పదిహేనో వంతు కూడా లేదు. కారణాంకాలు పెరగాలంటే 7, 11 లాంటి కొత్తవాళ్లను చేర్చుకోవాలి. మన యుగం పాతవాళ్లనే పదే పదే పిలిచింది. కాబట్టి ‘ఎక్కువ సంఖ్యలతో భాగమవ్వాలని పెద్దలు ఇలా పెట్టారు’ అనే వాదన నా దగ్గర నిలవదు. వాళ్లు కావాలనుకున్నది 60, 360, 12, వెయ్యి. వాటితో కట్టారు.

కట్టారు అనడానికి వేరే సాక్ష్యం కూడా ఉంది. మనుస్మృతిలో మహాయుగం 12,000 దివ్య సంవత్సరాలు, దివ్య సంవత్సరానికి 360 మానవ సంవత్సరాలు అని లెక్క. 12,000 × 360, అంతే. శతపథ బ్రాహ్మణంలో రుక్కుల అక్షరాల లెక్క వస్తుంది: 12,000 బృహతులు (బృహతి ఒక వేద ఛందస్సు), బృహతికి 36 అక్షరాలు, వెరసి 4,32,000. బాబిలోను పూజారి బెరోసస్ గ్రీకులో రాసిన చరిత్రలో జలప్రళయానికి ముందు పదిమంది రాజులు 120 సారోస్‌లు పాలించారు, సారోస్ అంటే 3,600 ఏళ్లు. అది కూడా 4,32,000. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారని గొడవపడేవాళ్లు పడనీ. 12లు, 60లు, 360లు వాడే ఏ లెక్కలవాడి పద్దులోనైనా ఈ అంకె ఎప్పుడో ఒకప్పుడు తేలుతుంది.

కుర్చీలో రాసినంత మాత్రాన అది దొంగ లెక్క అని నేననడం లేదు. బడ్జెట్ కూడా కుర్చీలోనే రాస్తాం. ఏది బడ్జెట్, ఏది కాటా చీటీ అన్నది తెలిసి ఉండాలి, అంతే. అందుకని మహాయుగంలో కాటా ఎక్కిన అంకెల కోసం వెతికాను. ఉన్నాయి.

సూర్యసిద్ధాంతం ఒక మహాయుగంలో ఎన్ని రోజులో చెబుతుంది: 157,79,17,828. సంఖ్యను అంకెల్లో చెప్పదు, భూతసంఖ్యల్లో, అంటే ఒక్కో అంకెకూ ఒక్కో మాట పెట్టి చెబుతుంది. ‘వసుద్వ్యష్టాద్రిరూపాంకసప్తాద్రితిథయో యుగే’ అని మామగారు చదివి విడగొట్టారు. వసువులు 8, ద్వి 2, అష్ట 8, అద్రి 7, రూపం 1, అంకం 9, సప్త 7, అద్రి 7, తిథులు 15. వెనక నుంచి రాసుకుంటూ వస్తే ఆ సంఖ్య. 43,20,000కేమో ‘ఖచతుష్కరదార్ణవాః’, నాలుగు సున్నాలు, 32 పళ్లు, 4 సముద్రాలు. ఆర్యభటుడు ఇంకా పిసినారి, ‘ఖ్యుఘృ’ అని రెండే అక్షరాల్లో తేల్చేశాడు.

828. ఆ తోక చూడగానే ప్రాణం లేచొచ్చింది. కారణాంకాలు కడితే 4 × 39,44,79,457. ఆ పెద్ద ముక్క 2తో పోదు, 3తో పోదు, 5తో పోదు. మహాయుగానికీ దీనికీ గసాభా 4 మాత్రమే. అంటే పూర్ణ సంఖ్యలో రోజులు రావాలంటే 10,80,000 ఏళ్లు ఆగాలి. ఇది ఎవరో సౌకర్యం కోసం ఎంచుకున్న అంకె కాదు. సంవత్సరం పొడవు 365.25876 రోజులని తేల్చాక దాన్ని 43,20,000తో గుణిస్తే వచ్చింది. నక్షత్రాల లెక్కన అసలు సంవత్సరం కంటే ఇది మూడున్నర నిమిషాలు ఎక్కువ.

ఇదే రోజుల లెక్క ఆర్యభటుడి దగ్గర 157,79,17,500. తోక 500. నా అనుమానం నాకుంది. దీనికీ 43,20,000కూ గసాభా 7,500, కాబట్టి 576 ఏళ్లకు సరిగ్గా 2,10,389 రోజులు వస్తాయి. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఇచ్చిన పాత సూర్యసిద్ధాంతంలో తోక 800, అక్కడ 800 ఏళ్లకు 2,92,207 రోజులు. మూడూ ఒకే వస్తువు కొలతలు. 500, 800, 828. మొదటి దానికీ చివరి దానికీ 43 లక్షల ఏళ్లలో తేడా 328 రోజులు, ఏడాదికి ఆరున్నర సెకన్లు. పాతవాళ్లు సులువుగా భాగించుకోవడానికి వీలైన అంకె తీసుకున్నట్టుంది, తర్వాతివాళ్లు ఆ మొహమాటం వదిలేశారు.

చంద్రుడి లెక్క మరీ ముచ్చటగా ఉంటుంది. మహాయుగంలో చంద్ర భగణాలు, అంటే ఆకాశం చుట్టూ చుట్లు, 5,77,53,336. ఇందులోంచి సూర్యుడి 43,20,000 తీసేస్తే చాంద్రమాసాలు 5,34,33,336. రోజుల్ని దీంతో భాగిస్తే నెల పొడవు 29.53059 రోజులు. ఇప్పటి కొలతా అంతే. సౌరమాసాలు 5,18,40,000 కాబట్టి మిగిలిన 15,93,336 అధిక మాసాలు, సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒకటి. 2023లో వచ్చిన అధిక శ్రావణం ఈ పద్దులోదే. యుగాన్ని వదిలేస్తే ఈ అంకెల్లో ఒక్కటైనా సున్నాతో ముగిసిందా అంటే సౌరమాసాలు ఒక్కటే, అది యుగాన్ని 12తో గుణిస్తే వచ్చింది.

ఇక్కడితో ఆగిపోతే తీర్పు సులువు: యుగాలు కట్టినవి, రోజులూ చుట్లూ కొలిచినవి. కానీ భగణాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాస్తే ఇంకొకటి కనబడింది. ఆర్యభటుడి శని 1,46,564. గురువు 3,64,224. కుజుడు 22,96,824. బుధుడు 1,79,37,020. శుక్రుడు 70,22,388. చంద్రుడు 5,77,53,336. రోజులు 157,79,17,500. అన్నీ 4తో పోతాయి. సూర్యసిద్ధాంతం తీస్తే శని 1,46,568, గురువు 3,64,220, కుజుడు 22,96,832. అంకెలు మారాయి, 4 మాత్రం మారలేదు. కాటా చీటీలన్నీ 4 గుణిజాలైతే నేను సంతకం పెట్టను.

కారణం ఉంది. కలి మొదట్లో, క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో, గ్రహాలన్నీ మేషం మొదట్లో కలిసి ఉన్నాయని వాళ్ల ప్రాతిపదిక. ఆర్యభటుడు యుగపాదాలు నాలుగూ సమానంగా, ఒక్కోటి 10,80,000 ఏళ్లుగా పెట్టాడు, అంటే కలి మొదలయ్యేసరికి మహాయుగంలో సరిగ్గా మూడు పావులు గడిచాయి. మూడు పావుల్లో చుట్లు పూర్ణంగా రావాలంటే మొత్తం చుట్లు 4 గుణిజం కావాలి. సూర్యసిద్ధాంతంలో యుగాల పంపకం వేరు గానీ అక్కడా గ్రహాలు 10,80,000 ఏళ్లకోసారి కలుస్తాయి.

మరి ఆకాశంతో సరిపోవద్దా? అదీ లెక్క కట్టి చూశాను. కలిలో 3,600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడే చెప్పాడు, అది క్రీ.శ. 499. కలి మొదటి స్థానం కదలకుండా ఉంచి భగణాల సంఖ్య 4 పెంచితే ఆ 3,600 ఏళ్లలో గ్రహం మధ్యమ (సగటు) స్థానం 1.2 డిగ్రీలు జరుగుతుంది. కాబట్టి దగ్గరలో ఉన్న 4 గుణిజం ఎంచుకుంటే ఆయన కాలానికి తేడా 0.6 డిగ్రీ దాటదు. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. కంటితో చూసి కొలిచే రోజుల్లో అంత తేడాను ఎవరు పట్టుకుంటారు? కొలిచారు, కొలిచిన దాన్ని ఆచారానికి ఇబ్బంది లేకుండా చివర్లో సర్దారు. ఎంత సర్దొచ్చో తెలిసినవాడు చేసిన పని. సర్దడానికి ఒప్పుకోనివి అలాగే వదిలేశాడు: చంద్రోచ్చం (చంద్రుడు భూమికి బాగా దూరమయ్యే చోటు) 4,88,219, రాహువు 2,32,226. రెండూ 4తో పోవు. అందుకే ఆయన లెక్కలో కలి మొదట్లో ఒకటి 90 డిగ్రీల దగ్గర, ఇంకోటి 180 దగ్గర ఉన్నాయి.

సర్దుబాటు పద్దు అంటే గుర్తొచ్చింది, మన్వంతరం, అంటే ఒక మనువు కాలం. ఒక కల్పంలో మనువులు 14 మంది, మహాయుగాలు 1,000. వెయ్యిని 14తో భాగిస్తే తెగదు. అందుకని మనువుకు 71 ఇచ్చారు. 14 × 71 = 994. ఆరు తక్కువ. ఆ ఆరింటికీ ఏం చేశారంటే కల్పం మొదట్లో ఒకటి, ప్రతి మన్వంతరం చివరా ఒకటి, మొత్తం 15 సంధులు పెట్టి ఒక్కో సంధి కృతయుగమంత అన్నారు. కృతం మహాయుగంలో పదింట నాలుగు వంతులు, 15 × 4 = 60 వంతులు, అంటే సరిగ్గా 6 మహాయుగాలు. నేను చూసిన సస్పెన్స్ ఖాతాల్లో ఇంత శుభ్రంగా క్లోజ్ అయింది లేదు. కానీ 71 ప్రధాన సంఖ్య, పైగా ఒంటరి. మన్వంతరం 30,67,20,000 ఏళ్లలో అది ఒక్కసారే వస్తుంది కాబట్టి ఈ కుటుంబంలో పవర్‌ఫుల్ కానిది మన్వంతరమే.

ఆర్యభటుడికి ఈ సంధులు నచ్చలేదు. మనువుకు 72 ఇచ్చాడు, 14 × 72 = 1,008, కల్పానికి అన్ని మహాయుగాలు. సర్దుబాటు లేదు, చిల్లర లేదు. సమాన యుగపాదాలు స్మృతులకు విరుద్ధమని తర్వాత బ్రహ్మగుప్తుడు మండిపడ్డాడు. 1,008లో 7 ఉండడం వల్ల ఆర్యభటుడి కల్పంలో వారాలు పూర్ణంగా వస్తాయి, ప్రతి కల్పమూ ఒకే వారంతో మొదలవుతుంది. సూర్యసిద్ధాంతం కల్పంలో మూడు రోజులు మిగిలిపోతాయి. నా ఓటు ఆర్యభటుడికే. “స్మృతులు చదవని దానివి, ఓటేమిటి?” అంటారు మామగారు.

చివరగా ఒకటి, దీనికి యుగాలతో సంబంధం లేదు, నాకు నచ్చింది. పక్కపక్క సంఖ్యలు రెండూ అకిలీస్‌లు కావడం చాలా అరుదు. అన్నిటికంటే చిన్న జంట 542,50,69,447, 542,50,69,448. మొదటిది 7³ × 41² × 97². రెండోది 2³ × 26041². కల్పం 432 కోట్లకే అయిపోతుంది కాబట్టి బ్రహ్మ పగలంతా గడిచినా ఇలాంటి జంట సంవత్సరాలు రావు, రాత్రిలో 110 కోట్ల ఏళ్లు దాటాక వస్తాయి. 26041 నిజంగా ప్రధాన సంఖ్యేనా అని చూడాలంటే 157 వరకు ఉన్న 37 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. 31 దగ్గర ఒక్కటి తేడాతో తప్పించుకుంటుంది.